మెట్టోడి సూది

మొన్న శనివారం మధ్యాహ్నం ఎవరో మా అంగడి మెట్ల కింద చెప్పులు విడిచి, పైకి రాకుండా అక్కడే నిలబడ్డారు. అగరబత్తుల పెట్టె విప్పుతున్న నేను తలెత్తకుండానే, "పైకి రాప్పా, నీకెన్నిసార్లు చెప్పాల?" అని కసిరాను. తలెత్తి చూస్తే వేరే మనిషి. కర్పూరం కావాలట. ఇచ్చి పంపించాను. నేను ఎవరనుకుని కసిరానో ఆ మనిషి పోయి ఏడాది దాటింది. ఆ సంగతి నా తలకు తెలుసు గానీ నోటికి ఇంకా తెలిసినట్టు లేదు. ఆ పూటంతా ఏ పనీ చేయబుద్ధి కాలేదు.

కర్నూలు పాతబస్తీలో మాది పూజా సామాన్ల అంగడి. నాన్న పెట్టింది. పసుపు కుంకుమలు, వత్తులు, గృహప్రవేశాలకు కావలసినవి, వాస్తు చూసే సిద్ధాంతులకు ఇత్తడి దిక్సూచులు, ఇలాంటివి అమ్ముతాం. ఆ పోయిన మనిషి చేపలు పట్టేవాడు. ఎంత రుద్ది స్నానం చేసి వచ్చినా ఆ వాసన ఒంటిని వదిలేది కాదు. "దేవుని సామాన్లుండే తావు శెట్టీ, నేను చేపల కంపు. ఈడనే ఉంటాలే" అని మెట్ల కిందే ఆగేవాడు. ఆయనకు ఏది చూపించాలన్నా నేనే గల్లా దగ్గర నుంచి లేచి, మోకాళ్ళు పట్టుకుని గుమ్మం దాకా రావాలి. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మా నాన్న జీవితమంతా చెప్పాడు. నాకు ఆయన అంగడి వచ్చింది గానీ నోరు రాలేదు. ఆ చేపలాయన వచ్చిన మొదటి రోజే, "నువ్వు రావు, నన్ను రమ్మంటావు. నేను నీకు జీతగాణ్ణా?" అన్నాను. ఆయన కోపం తెచ్చుకోకపోగా నవ్వాడు. కింది వరసలో రెండు పళ్ళు లేవు.

పేరు నేనెప్పుడూ అడగలేదు. "ఏమప్పా" అంటే పలికేవాడు. తను ఉండే ఒడ్డున అందరూ తనను 'మెట్టోడు' అంటారని ఆయనే నవ్వుతూ చెప్పాడు. మెట్ట చేలల్లోంచి వచ్చినవాడు, నీళ్ళు తెలియనివాడు అని.

కోసిగి వైపు మనిషి. వానలు మొహం చాటేస్తే ఆ వైపు ఊళ్ళకు ఊళ్ళే మూటలు కట్టుకుని సుగ్గికి పోతాయి. దూరాన ఎక్కడో మిరపకాయలు కోసో, పత్తి తీసో నాలుగు గింజలు సంపాదించుకుని వస్తాయి. ఈయన కూడా పెళ్ళాన్ని వెంటబెట్టుకుని చాలా ఏళ్ళు సుగ్గికి తిరిగాడు. ఒక ఏడు తిరుగు దారిలో, ఆత్మకూరు అవతల కృష్ణ వెనుక జలాల ఒడ్డున ఒక పూట ఆగాడు. అన్ని నీళ్ళు ఒక్కచోట చూడటం అదే మొదలట. ఇంక కదల్లేదు. కోస్తా నుంచి వచ్చి అక్కడ చేపలు పట్టుకునే కుటుంబాల్లో ఒకాయన సొంతూరికి తిరిగిపోతుంటే ఆయన పాత చిన్న పడవా, సంచులు కలిపి కుట్టిన తెరచాపా తీసుకున్నాడు. వల వేయడం నేర్చుకున్నాడు. తెరచాప ఎత్తడం, దించడం నేర్చుకున్నాడు. దారి మాత్రం నేర్చుకోలేకపోయాడు.

"మా ఊర్ల దారి తప్పితే ఎవునికాడన్నా బీడీకి నిప్పు అడిగితే చాలు శెట్టీ, నిప్పు ఇచ్చి దారి గూడా చెప్తాడు. నీళ్ళ మింద అడగనీకి మనిషే ఉండడు" అనేవాడు. ఒడ్డును గుర్తు పెట్టుకుందామంటే ఆ ఒడ్డు కూడా నిలకడగా ఉండదు. ఎగువ నుంచి నీళ్ళొస్తే నిన్న ఉన్న చెట్టు ఈ రోజు మునిగిపోతుంది. నీళ్ళు తీస్తే నిన్న లేని గుట్ట ఈ రోజు లేస్తుంది.

ఇన్నాళ్ళూ దారి చూసింది ఆయన భార్య. పడవ ముందు భాగంలో కూర్చుని, కొండల వరస చూసి చెయ్యి చాపేదట. ఆ చెయ్యి ఎటుంటే పడవ అటు. అయితే షుగరు ఆమె కళ్ళకు ఎక్కింది. పోయిన చూపు ఇంక రాదని, ఉన్నది కాపాడుకోమని డాక్టర్లు చెప్పారు. ఆ సంగతి ఆమె మొగుడికి చెప్పకుండా దాచి, ఉజ్జాయింపుగా చెయ్యి చాపుతూ వచ్చింది. ఒక రోజు జల్లు పడి కొండలు మాయమైతే పొద్దున బయలుదేరినవాళ్ళు పొద్దు వాలే దాకా నీళ్ళ మీదే తిరిగారు. ఆమె చెయ్యి అప్పటికీ చాచే ఉందట. దగ్గరికి పోయి మొహం చూస్తే ఏడుస్తోంది.

"ఆ పొద్దే ఒట్టు పెట్టుకున్యా శెట్టీ. ఇంగ ఆమెను పడవ ఎక్కించను. నేను పోతే పోతా. ఆమె పోగూడదు. పడవ ఇడిస్తే మళ్ల సుగ్గికి పోవాల. కండ్లు ల్యాకుండా ఆమె మిరపకాయ ఎట్ల కోస్తాది?"

ఆయనకు కావలసింది అదొక్కటే. భార్య ఒడ్డున ఉండాలి, తను దారి తప్పకుండా ఆమె దగ్గరికి రావాలి. దానికి ఏదైనా వస్తువు ఉందేమోనని అడిగితే, దిక్కులు చూసే సూది దేవుని సామాన్ల అంగట్లో దొరుకుతుందని ఎవరో చెబితే మా దగ్గరికి వచ్చాడు.

వచ్చినవాడు కొనుక్కుని పోయాడా అంటే లేదు. మూడు వారాలు తిరిగాడు. పెళ్ళిచూపులకు కూడా అంత తిరగరు. చేతిలో పెట్టిన ప్రతి వస్తువుకూ రెండు పరీక్షలు పెట్టేవాడు. మొదటిది, నడివీధిలో కళ్ళు మూసుకుని మూడుసార్లు గిర్రున తిరిగి, ఆగి, కళ్ళు తెరవకుండానే 'ఇల్లు ఇట్లుండాది' అని ఒక దిక్కుకు వేలు చూపించేవాడు. తర్వాత కళ్ళు తెరిచి వస్తువు ఏమంటుందో చూసేవాడు. ఆటోవాళ్ళు హారన్లు కొట్టేవాళ్ళు. రెండో పరీక్షకు బకెట్టు నీళ్ళు కావాలి.

ఫోను మేలని నేనే పక్కనున్న మొబైల్ అంగడికి తీసుకుపోయాను. సిగ్నల్ లేకపోయినా ముందే మ్యాపు దించుకుంటే దారి చూపిస్తుందని ఆ అంగడాయన ఓపిగ్గా వివరించాడు. తెరంతా నీలం. "మా గుడిసెలు యాడ?" అని అడిగాడు ఈయన. వెతికితే అవి ఉండాల్సిన చోట కూడా నీలమే ఉంది. "ఓరి దీనిపాసుగాల, మేము మునిగిపోయినామంటాంది!" అని పగలబడి నవ్వాడు. బొటనవేలు తెర మీద పెడితే కదల్లేదు. వలతాడు కోసీ కోసీ ఆ వేలు బండబారిపోయింది. "నా వేలు దీనికి తెలీడం ల్యా శెట్టీ" అన్నాడు. చివరికి బకెట్టు మాట ఎత్తితే అంగడాయన ఫోను లాక్కున్నాడు.

"నీళ్ళల్ల పడితే ఈత కొట్టి నేను బతుకుతా. ఇది గూడా బతకాల గదప్పా" అన్నాడు ఈయన.

పడవలకనే చేసిన జీపీఎస్ పెట్టె ఒకటి ఉంటుందని హైదరాబాదులో ఉన్న మా చిన్నాన్న కొడుకును అడిగి ధర కనుక్కున్నాను. ధర విని ఈయన, "పడవ అమ్మి దీన్ని కొంటే, ఇది దేనికి దారి చూపిస్తాది శెట్టీ?" అన్నాడు. ఎదురుగా అత్తరు అంగడి సాయిబు నమాజుకు దిక్కు చూపే చిన్న డబ్బీ తెచ్చి చూపించాడు. తేలిక, చవక. అది పడమరకు తిరుగుతుందంటే ఈయన మొహం వెలిగింది. కోసిగి అటే కదా. కాసేపు దాన్నే చూసి, "మా ఊరి దిక్కు చూపిస్తాంది, బాగుండాది. ఇప్పుడు నా ఇల్లు ఆడ లేదు గదా సాయిబూ" అని తిరిగి ఇచ్చేశాడు.

మిగిలింది మా ఇత్తడి దిక్సూచి. అరచేతి వెడల్పు, పైన మందపాటి అద్దం. ఇందులో ఇంగ్లీషు అక్షరాలుంటాయి, ఆయనకు తెలుగు చదవడమే రాదు. ఒక్క సూది చూస్తే చాలని నేర్పించబోయాను.

"ఇల్లు యాడుండాదో చెప్తాదా?"

"చెప్పదు. ఇది ఉత్తరం ఒక్కటే చెప్తుంది."

"అంత పిచ్చా దానికి ఉత్తరమంటే?"

"నీ ఒడ్డు దక్షిణాన ఉంది. సూది మొన కాదు, తోక చూసుకుని పో. ఇల్లొస్తుంది."

"తోక పట్టుకుని పోయేదా! ఇది ఎనుమే అయితే" అని సంబరపడ్డాడు. ఈసారి ఇంటికి బదులు దక్షిణం ఎటో చూపిస్తానని మూడుసార్లు తిరిగాడు. కళ్ళు మూసుకుని చూపించిన వేలూ, సూది తోకా ఒకే దిక్కున ఉన్నాయి. నన్ను చూసి పిల్లాడిలా గర్వంగా నవ్వాడు. బకెట్టు పరీక్షలో మాత్రం అద్దం సందులోంచి లోపలికి నీళ్ళు పోయాయి. దిక్సూచి పోయిందని నేను శాపనార్థాలు పెడుతుంటే ఆయన తీరుబడిగా మెట్ల మీద కూర్చుని ఇంకొకటి తీసుకుని, దాని అంచు చుట్టూ మైనం కరిగించి పూశాడు. ఈసారి చుక్క నీళ్ళు దిగలేదు. "గుడ్డి కన్నా మెల్ల నయం గదా శెట్టీ" అంటూ తీసుకుని, అనగానే నాలుక కరుచుకున్నాడు. ఆమె గుర్తొచ్చి ఉంటుంది.

తర్వాత సీతాఫలాల కాలంలో వచ్చాడు. తువ్వాలు నిండా నల్లమల కాయలు తెచ్చి మెట్ల మీద పోశాడు. మూడు నెలలుగా ఆమె కాలు పడవలో పెట్టలేదని, ఒడ్డునే కూర్చుని వలలు బాగుచేస్తోందని, కోప్పడుతోందని, కోప్పడితే బాగుందని చెప్పాడు. ఆ రోజు ఆయన అంత ఎక్కువ మాట్లాడటం చూసి నాకు కూడా ఎక్కడ లేని మంచితనం పుట్టుకొచ్చింది. దిక్సూచి మీద ఒడ్డున అందరి కళ్ళూ పడుతున్నాయని ఆయన అంటే, గోడకు వేలాడుతున్న నల్ల గుర్రపు నాడా ఒకటి తీసి చేతిలో పెట్టాను. "పడవకు కొట్టుకో. దిష్టి పోతుంది. దుడ్లు వద్దులే" అన్నాను. నేను ఊరికే వస్తువు ఇవ్వడం ఆ వీధిలో ఎవరూ చూసి ఉండరు. ఆయన దాన్ని కళ్ళకద్దుకున్నాడు.

ఆ తర్వాత రెండు వారాలకే దిక్సూచి ఊడదీసి తెచ్చాడు.

"శెట్టీ, ఇది పొయ్యేటప్పుడు నిజం చెప్తాంది, వచ్చేటప్పుడు అబద్ధం చెప్తాంది."

"పోయేటప్పుడొకటి, వచ్చేటప్పుడొకటి చెప్పడానికి అదేమన్నా లీడరా?" అన్నాను. అంగట్లో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. పెట్టి చూస్తే సూది తుంగభద్ర వైపుకు, సరిగ్గా ఉత్తరానికి నిలబడింది. అయినా పోనీలే అని కొత్తది మార్చి ఇచ్చాను. పది రోజులకు దాన్నీ తెచ్చాడు. అదే మాట చెప్పాడు. అంగట్లో సూది మళ్ళీ సరిగ్గానే ఉంది. పెళ్ళిళ్ళ రోజులు, జనం ఒత్తిడి. నాకు తిక్క రేగింది.

"సూది అబద్ధమాడదప్పా. అబద్ధమాడేది నీ బుర్ర. మెట్టోడివి, నీకు నీళ్ళేం తెలుసు?"

ఆ పేరు ఆయన నవ్వుతూ చెప్పుకున్నది. నేను దాన్ని అందరి ముందూ ఆయన మొహాన కొట్టాను. ఆయన నడివీధిలోకి పోయి, కళ్ళు మూసుకుని మూడుసార్లు తిరిగి, వేలు చాపి, కళ్ళు తెరిచి సూది చూసుకున్నాడు. రెండూ కలిశాయి.

"అట్లయితే తప్పు నాదే శెట్టీ. నువ్వు సదువుకున్నోనివి. ఇంగ దాని మాటే ఇంటా" అన్నాడు. దిక్సూచిని తువ్వాలులో చుట్టుకుని వెళ్ళిపోయాడు. అదే ఆఖరు.

నేను ముప్పై ఏళ్ళుగా సిద్ధాంతులకు దిక్సూచులు అమ్ముతున్నాను. దాన్ని నేల మీద పెట్టే ముందు నడుముకున్న తాళాల గుత్తి కూడా తీసి దూరంగా పెట్టిస్తారు వాళ్ళు. ఇనుము పక్కన ఉంటే సూది తప్పుతుందని నాకు తెలియదా? బాగా తెలుసు. "దీన్ని పడవలో ఎక్కడ బిగించావప్పా? పక్కన ఏముంది?" అని ఒక్క ప్రశ్న వేసి ఉండవచ్చు. నాడా ఇచ్చిన చెయ్యి, దిక్సూచి ఇచ్చిన చెయ్యి ఒక్కటే. రెండూ ఒక చోట చేరతాయని ఆ చేతికి తోచలేదు.

సంక్రాంతి దాటిన నెలకు ఆయన భార్య వచ్చింది. నేనామెను చూడటం అదే మొదలు. బస్టాండు నుంచి అడుగుతూ అడుగుతూ వచ్చిందట. మెట్లు తడుముకుంటూ ఎక్కి, లోపల స్టూలు మీద కూర్చుని, సంచిలోంచి మూరెడు పొడవున్న పడవ పలక ఒకటి తీసి నా ముందు పెట్టింది. పడవ కొండచరియ కింద తిరగబడి దొరికిందని, ఆయన మూడో రోజు దొరికాడని, ఆ పలకను రంపంతో కోయించి తెచ్చానని చెప్పింది. మంచు బాగా దిగిన పొద్దున పోయాడట. ఆమె ఒడ్డున నిలబడి, చప్పుడు విని వస్తాడని స్టీలు తట్ట వాయించిందట.

"పక్క పడవోళ్ళు పిల్సినారంట, ఇట్ల రాప్పా, మీ ఆమె తట్ట కొడ్తాంది ఈడ, అని. ఇనపడ్తాంది, అయితే సూది అట్ల అంటాది, శెట్టి దాని మాటే ఇనమన్యాడు, అన్యాడంట. అట్లనే పాయె."

నేను పలకను దగ్గరికి లాక్కున్నాను.

"తాగి పోయినాడంటాండారు శెట్టీ. మెట్టోనికి నీళ్ళేం తెలుసంటాండారు. ఆయప్ప తాగడు. నాకు ఒకటే చెప్పు. తప్పు ఆయప్పదా, సూదిదా?"

పలక మీద దిక్సూచి బిగించి ఉంది. దానికి బెత్తెడు దూరంలో, మూడు మేకులతో, నేనిచ్చిన నాడా ఉంది. సూది తుంగభద్ర వైపు లేదు. నాడా వైపుకు మెడ తిప్పి ఉంది.

చెప్పకుండా ఉండవచ్చు. సూదిదే తప్పమ్మా అంటే సరిపోయేది. అంతకన్నా ఆమెకు అక్కర్లేదు. కానీ గుండెలో ఆ బరువు మోయలేకపోయాను. ఆమె కోసం కాదు, నా కోసమే చెప్పాను.

"ఆయనది తప్పు లేదమ్మా. సూదిదీ లేదు. తప్పు నాది. ఈ నాడా నేనిచ్చిందే. పక్కన ఇనుముంటే సూది అటు లాగుతుంది. నాకు తెలుసు, నేను చెప్పలేదు."

ఆమె అర్థం కానట్టు చూసింది. నేను పట్టకారు తెచ్చి మేకులు పీకి, నాడా ఊడదీసి, చెయ్యి చాచి దూరం పెట్టాను. సూది వణికి, మెల్లగా తిరిగి, ఉత్తరానికి వచ్చి నిలబడింది. మళ్ళీ నాడా దగ్గరికి తెచ్చాను. మళ్ళీ తప్పింది. నన్ను తిట్టు తల్లీ, కొట్టు, అని మనసులో అనుకుంటున్నాను. ఆమె వంగి, అద్దానికి మొహం ఆనించేంత దగ్గరగా పెట్టి చూసింది. ఇంకొకసారి చూపించమంది. చూపించాను.

తర్వాత బొటనవేలితో పలక మీది మేకు బెజ్జాలు తడిమింది.

"ఈ నాడాను పడవ యెనక కొడ్తానన్యాడు ఆయప్ప" అంది. "దిష్టి సూదికి గదా, యెనక కొడితే ఏం లాభమని నేనే ఈడ పెట్టమన్యా. వద్దే, అద్దం పగులుతాది అన్యాడు. నేనే సుత్తి తీసుకుని కొట్టినా, మూడు మేకులూ."

నాడాను గల్లా కిందికి తోసేశాను. ఏమేమో మాట్లాడటం మొదలుపెట్టాను. ఇంత చిన్న నాడాకు అంత శక్తి ఉండదమ్మా అన్నాను. గాలి వల్ల కావచ్చన్నాను. అది చవక సరుకు, సూది నిలిచే ముల్లు వదులై ఉంటుందన్నాను. ఆ మంచులో ఎవరైనా దారి తప్పుతారన్నాను.

ఆమె పలకను మళ్ళీ సంచిలో పెట్టుకుంది.

"ఊరుకో శెట్టీ" అంది. "నా కండ్లకు సగమే కనపడ్తాది. సూది తిరిగింది మాత్రం కనపడింది."